కుక్కపిల్లకు ఆరుబయట మంచి ఫొటో తీయాలంటే: విశాఖవాళ్ల కోసం

ఇంటికి కొత్తగా కుక్కపిల్ల వచ్చినవాళ్లు నన్ను అడిగేవి తిప్పి తిప్పి మూడే ప్రశ్నలు. "యాభై తీశాను, ఒక్కటీ సరిగ్గా రాలేదు, అన్నీ చెదిరిపోయాయి, ఎందుకు?" "బీచ్‌లో తీస్తే సముద్రం బ్రహ్మాండంగా వచ్చింది, మా బుజ్జిది మాత్రం బొగ్గుముక్కలా ఉంది, ఏం చేయాలి?" "ఒక్క క్షణం కుదురుగా ఉండదు, ఎలా తీయను?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతుంటే ఏదో ఒకటి మరిచిపోతున్నాను. అందుకే అంతా ఒకచోట రాస్తున్నాను.

చాలామంది కొత్త ఫోన్ కొంటే తీరిపోతుందనుకుంటారు. తీరదు. వెలుగు ఎటు నుంచి పడుతోంది, మీరు ఎంత ఎత్తులో ఉన్నారు, పిల్ల హుషారుగా ఉందా లేదా అన్న మూడూ చూసుకుంటే ఉన్న ఫోన్‌తోనే మంచి ఫొటోలు వస్తాయి.

బయల్దేరే ముందు: టీకాల సంగతి

ఇది అయ్యాకే మిగతావి. కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో మొదటి టీకా పడుతుంది. తర్వాత మూడు నాలుగు వారాలకోసారి చొప్పున 16వ వారం దాకా వేయిస్తారు. అవి పూర్తయి, మీ డాక్టరు సరేననేదాకా దాన్ని బీచ్‌లోనో పార్కులోనో నేల మీద దించొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కి లొంగదు. చిన్న కుక్కపిల్లకు సోకితే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఫొటో కోసం ఆ ప్రమాదం వద్దు.

మరి 8 వారాల ముద్దు మొహం మళ్లీ రాదు కదా అంటారు. నిజమే. దానికి మీ డాబా ఉంది. ఉదయం ఆరున్నరకి పిట్టగోడ పక్కన, తులసికోట దగ్గర, ఆరేసిన దుప్పటి ముందు, ఎక్కడైనా తీయొచ్చు. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో డాబా ఎక్కితే వెనకాల కొండ కూడా కనబడుతుంది. డాబా లేకపోతే వెదురు బుట్టలో పాత తువ్వాలు పరిచి, అందులో కూర్చోబెట్టి తీయండి. బుట్ట పక్కన మాత్రం ఒక మనిషి ఉండి తీరాలి. పిల్ల ఎప్పుడు దూకుతుందో చెప్పలేం.

కావలసినవి

- ఫోన్ లేదా కెమెరా. కెమెరా అయితే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ చాలు, తక్కువ ధరలో దొరుకుతుంది. 85 ఎంఎం ఉంటే ఇంకా మంచిది.
- తోడు ఒక మనిషి. తాడు పట్టుకోవడానికి, పిలవడానికి. ఒంటరిగా వెళితే సగం పని చెడుతుంది.
- సన్నటి, ముదురు రంగు తాడు, మెడకు కాకుండా ఛాతీకి కట్టే పట్టీ.
- మంచినీళ్లు, చిన్న గిన్నె.
- ఉప్పూ కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడి ముక్కలు, శనగగింజంత. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్కలకు విషం, సంచిలోకే రానివ్వొద్దు.
- నొక్కితే కుయ్యిమనే బొమ్మ.
- తెల్ల తువ్వాలు ఒకటి, పాత చాప ఒకటి. చాప మీకు, పడుకోవడానికి.
- లెన్స్ తుడిచే మెత్తటి గుడ్డ. మన ఊళ్లో ఇది లేకుండా బయటికి వెళ్లొద్దు.

1. టైము చూసుకోండి

విశాఖలో జూన్‌లో 5:20 ప్రాంతంలో తెల్లారుతుంది, జనవరిలో 6:30 దగ్గర. సూర్యుడు వచ్చాక మొదటి గంట, గంటన్నర మీది. మార్చి నుంచి జూన్ దాకా అయితే ఏడున్నర దాటాక పిల్లను బయట ఉంచకండి. సాయంత్రం నాలుగున్నర తర్వాత మళ్లీ తీయొచ్చు.

నేల వేడిగా ఉందో లేదో చూసే పద్ధతి ఒకటే. అరచేయి వెనక్కి తిప్పి నేలకు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. ఉంచలేకపోతే పిల్ల పాదం కూడా ఉంచలేదు. సిమెంటు కంటే తారు, తారు కంటే ఎండు ఇసుక మోసం చేస్తాయి. గాలి చల్లగా తగులుతుంటుంది, కింద మాత్రం కాలుతూ ఉంటుంది.

నా మొదటి సంవత్సరంలో పక్కింటివాళ్ల నల్ల ల్యాబ్రడార్ పిల్లను, పేరు కాటుక, ఏప్రిల్‌లో తొమ్మిది గంటలకు బీచ్‌కి తీసుకెళ్లాను. అది ముందు కాళ్లు ఒకటి మార్చి ఒకటి ఎత్తుతుంటే ఆడుతోందనుకుని తీస్తూనే ఉన్నాను. పక్కనే చేపల గంప దించుకుని కూర్చున్న ఒక పెద్దావిడ చూసి, "పొటో తరవాత తీద్దువుగాని, ముందు దాన్ని ఎత్తుకోయే, కాళ్లు కాలిపోతన్నాయి దానికి" అంది. ఆ రోజు తీసిన ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతిదాంట్లో ఒక కాలు గాల్లోనే ఉంది. ఒక్కటీ ఎవరికీ చూపించలేదు.

2. సముద్రం ఎటు, సూర్యుడు ఎటు

'మొహం నల్లగా వస్తోంది' అన్న ఫిర్యాదుకు జవాబు ఇక్కడే ఉంది. మన తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. అంటే ఉదయం పూట సూర్యుడు సముద్రం వైపు నుంచే వస్తాడు. మీరు రోడ్డు వైపు నిలబడి, పిల్లను నీళ్ల ముందు కూర్చోబెట్టి తీస్తే వెలుగంతా దాని వీపు మీదే పడుతుంది. మొహం నీడలో ఉండిపోతుంది. ఫోన్ ఆ వెలుగును చూసి ఫొటో మొత్తాన్ని ఇంకా ముదురు చేసేస్తుంది.

దీనికి మూడు దారులు.

మొదటిది, ఉదయమే అయితే మీరు అటు తిరగండి. సముద్రానికి వీపు పెట్టి తీయండి. పిల్ల మొహం మీద ముద్దపసుపు లాంటి వెలుగు పడుతుంది. వెనకాల రోడ్డు, బిల్డింగులు వస్తాయి కాబట్టి దగ్గరగా, కిందికి దిగి తీసి వాటిని మసకబార్చాలి. ఒక హెచ్చరిక: అలలకు వీపు పెట్టి నేల మీద పడుకునేటప్పుడు తడి ఇసుక గీతకి బాగా దూరంగా ఉండండి. మన అలలకు లోపలికి లాగే గుణం ఎక్కువ.

రెండోది, సముద్రమే వెనకాల కావాలంటే సాయంత్రం వెళ్లండి. సూర్యుడు ఊరి వైపు, కొండల వైపు ఉంటాడు, వెలుగు మీ వెనక నుంచి పిల్ల మొహం మీదికీ నీళ్ల మీదికీ పడుతుంది. కొండలూ బిల్డింగులూ అడ్డం కాబట్టి సూర్యాస్తమయానికి ముందే ఇసుక మీద నీడ పరుచుకుంటుంది. ఆ నీడలో మెత్తటి వెలుగు ఒక ఇరవై నిమిషాలు ఉంటుంది. కుక్కపిల్లలకు నాకు అన్నిటికంటే ఇష్టమైన వెలుగు అదే.

మూడోది, ఉదయమే, సముద్రమే కావాలంటే వీపు మీది వెలుగును వాడుకోండి. బొచ్చు అంచుల చుట్టూ బంగారు గీత గీసినట్టు వస్తుంది. మొహానికి వెలుగు కావాలి కాబట్టి తెల్ల తువ్వాలును పిల్ల ముందు, ఫొటోలో పడకుండా, నేల మీద పరచండి. తువ్వాలు మీద పడిన వెలుగు గడ్డం కిందికి, కళ్లలోకి కొడుతుంది. ఫోన్‌లో మొహం మీద వేలు నొక్కి పట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొద్దిగా పైకి జరపండి.

3. చోటు

ఆర్కే బీచ్ అందంగానే ఉంటుంది కానీ ఆదివారం సాయంత్రం చిన్నపిల్లకు అది జాతరే. మామూలు రోజున, రోడ్డు మీద బండ్లు ఆపి నడిచేవాళ్లకు వదిలే ఉదయం వేళ వెళ్లండి. లాసన్స్ బే, సాగర్ నగర్ వైపు కాస్త నెమ్మది. తెన్నేటి పార్క్ దగ్గర రాళ్లు బాగుంటాయి, అయితే పిల్లను రాళ్ల మీద ఎక్కించొద్దు, నాచు జారుతుంది. పార్కులు ఒక్కొక్కటి ఒక్కోలా, కుక్కలను రానివ్వనివి ఉన్నాయి, గేటు దగ్గర అడిగి వెళ్లండి. వానాకాలంలో గడ్డిలోకి వెళితే ఇంటికొచ్చాక చెవుల వెనక, వేళ్ల మధ్య పిడుదులు వెతకాలి.

కంబాలకొండ వైపు మాత్రం కుక్కతో వెళ్లొద్దు. అది అభయారణ్యం, చిరుతలున్న అడవి. నేవీ గోడలు, గేట్లు, డాక్‌యార్డు ఉన్న వైపు కెమెరా బయటికే తీయొద్దు.

ఎర్రమట్టి దిబ్బల సంగతి చాలామంది అడుగుతారు. తెల్ల పిల్లను ఎర్రమట్టి మీద కూర్చోబెడితే పొట్ట, గడ్డం ఎర్రగా వస్తాయి, మట్టి రంగు బొచ్చు మీదికి కొడుతుంది. పచ్చగడ్డి మీద ఇదే ఆకుపచ్చగా జరుగుతుంది. గోధుమరంగు పిల్ల అయితే అదే ఎరుపు బాగుంటుంది. ఏమైనా ఆ దిబ్బలు కాపాడుకోవలసిన చోటు, అంచులు తొక్కడం, పిల్లచేత తవ్వించడం వద్దు.

బీచ్‌లో ఎక్కడైనా సరే, పిల్లను దించేముందు పది అడుగుల మేర నేల వెతకండి. గాలం ముక్కలు, వల తాళ్లు, సీసా పెంకులు, చచ్చిన చేపలు ఉంటాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపల్లో విషమున్నవీ ఉంటాయి. సముద్రం నీళ్లు తాగనివ్వొద్దు, వాంతులవుతాయి.

4. సెట్టింగులు ఇంట్లోనే పెట్టుకోండి

అక్కడికెళ్లాక మెనూలు వెతుక్కుంటుంటే పిల్ల హుషారు అయిపోతుంది.

కెమెరా: కూర్చున్న పిల్లకు షట్టర్ (ఒక్కో ఫొటోకి వెలుగు లోపలికి వచ్చే సమయం, సెకనులో ఎన్నో వంతు) 1/500, పరిగెత్తే పిల్లకు కనీసం 1/1000, వీలైతే 1/1600. అపర్చర్ (లెన్స్ తెరుచుకునే వెడల్పు, అంకె తగ్గితే ఎక్కువ తెరుచుకుంటుంది) ఎఫ్ 2.8 నుంచి 4. లెన్స్ 1.8 దాకా తెరుచుకుంటుంది కదా అని దగ్గర నుంచి 1.8లో తీస్తే మూతి చివర స్పష్టంగా వచ్చి కళ్లు మసకబారతాయి. మూతికీ కంటికీ మధ్య ఉన్న ఆ రెండు అంగుళాలు చాలు దెబ్బతీయడానికి. ఐఎస్ఓ (వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేసి, పైహద్దు 3200 పెట్టండి. కాస్త గింజగింజగా వచ్చినా ఫర్వాలేదు, చెదిరిన ఫొటోను మాత్రం ఏమీ చేయలేం. ఫోకస్ కదిలేదాన్ని వెంటాడే కంటిన్యువస్‌లో, జంతువుల కన్ను గుర్తుపట్టే సౌకర్యం ఉంటే అది ఆన్‌లో, వరసగా తీసే బర్స్ట్ ఆన్‌లో ఉండాలి. ఫ్లాష్ వద్దు.

ఫోన్: ముందు లెన్స్ తుడవండి. రెండు మూడు రెట్లు దగ్గరగా చూపే విడి లెన్స్ ఉంటే అది వాడండి. వెడల్పు లెన్స్‌తో మొహంలోకి దూరి తీస్తే ముక్కు వంకాయంత, చెవులు చింతాకంత వస్తాయి. వేళ్లతో లాగి జూమ్ చేయకండి. వెనకాలను మసకబార్చే పోర్ట్రెయిట్ మోడ్ మీసాలను, చెవి బొచ్చును కోసేస్తుంది, కదిలే పిల్లకు అది పనికిరాదు. బర్స్ట్ ఎలా వస్తుందో ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. మీ ఫోన్‌లో అది లేకపోతే మంచి వెలుగులో 4కే వీడియో తీసి అందులోంచి ఒక ఫ్రేము తీసుకోవచ్చు. అది ఆఖరి దారి, నాణ్యత తగ్గుతుంది.

ఇంకొకటి. ఏసీ గదిలోంచి కెమెరా తీసుకుని నేరుగా బీచ్‌కి వెళితే మన ఊరి ఉక్కకు లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. బ్యాగు మూసే ఉంచి, అరగంట ముందే బాల్కనీలో పెట్టేయండి.

5. మొదటి ఐదు నిమిషాలు ఫొటో తీయకండి

దించగానే పిల్ల అంతా వాసన చూడాలి. చూడనివ్వండి. మీరు పక్కన చాప వేసుకుని కూర్చోండి. కెమెరా దాని ముందు పెట్టండి, అది కూడా వాసన చూస్తుంది. ఆ తర్వాత దానికి కెమెరా మీద భయమూ ఆసక్తీ రెండూ తగ్గిపోతాయి.

రెండు నెలల పిల్ల రోజుకు 18 నుంచి 20 గంటలు నిద్రపోతుంది. మీకు దొరికేది పది, పదిహేను నిమిషాల మెలకువ. నిద్రలేచి, ఒంటికీ రెంటికీ వెళ్లొచ్చి, కొద్దిగా తిన్న తర్వాతి సమయం మంచిది. కడుపు నిండా తినిపించి బండి ఎక్కించొద్దు.

6. పడుకోండి

కూర్చోవడం కాదు, పడుకోవడమే. లెన్స్ పిల్ల కంటి ఎత్తుకు రావాలి. ఫోన్ అయితే తలకిందులుగా తిప్పి పట్టుకోండి, అప్పుడు లెన్స్ నేలకు దాదాపు ఆనుతుంది. పైనుంచి తీసిన ఫొటోలో కనిపించేది పెద్ద తల, పొట్టి కాళ్లు, చుట్టూ ఇసుక. కంటి ఎత్తులో తీస్తే ఆ ఇసుకే ముందూ వెనకా మెత్తగా కరిగిపోతుంది, పిల్ల మనల్ని తనకు సమానంగా చూస్తున్నట్టుంటుంది. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఇదే గుర్తుంచుకోండి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పిల్లను మెట్టు మీదో తక్కువ ఎత్తు గట్టు మీదో కూర్చోబెట్టి, మీరు కింది మెట్టు మీద కూర్చోవచ్చు. తాడు పట్టుకున్న మనిషి పక్కనే ఉండాలి.

ఫోకస్ దగ్గరగా ఉన్న కంటి మీద. ఆ కంట్లో తెల్లటి వెలుగు చుక్క కనిపిస్తోందా? లేకపోతే మీరే అటూ ఇటూ జరగండి, ఆకాశం దాని కంట్లో పడేదాకా. ఆ చుక్క లేని కన్ను గాజుగోలీలా ఉంటుంది.

7. పిలవడం ఒక పొదుపు

బొమ్మ కుయ్యిమంటే పిల్ల తల పక్కకు వంచి చూస్తుంది. అది మూడు సార్లే పనిచేస్తుంది, నాలుగోసారి పట్టించుకోదు. కాబట్టి వేలు షట్టర్ మీద ఉన్నాకే చప్పుడు చేయండి, చప్పుడుకు సగం క్షణం ముందే బర్స్ట్ మొదలుపెట్టండి. బొమ్మ తర్వాత నాలుక చప్పరించండి, తర్వాత కాగితం నలపండి, అలా మార్చుతూ ఉండండి. పేరు పెట్టి పదే పదే పిలవకండి, పిలిచినా పనిలేదని దానికి అలవాటవుతుంది.

పరిగెత్తే ఫొటోకి తోడు మనిషి పిల్లను పదిహేను అడుగుల దూరంలో పట్టుకుని కూర్చోవాలి. మీరు పడుకుని, లెన్స్ పక్కన కోడి ముక్క పట్టుకుని పిలవండి. నేరుగా మీవైపే వస్తుంది. పొడవు తాడు కట్టే ఉంచండి. తర్వాత ఫోన్‌లో చెరిపేయొచ్చు. రోడ్డు దగ్గర తాడు విప్పడం అనే మాటే వద్దు.

8. నల్లపిల్ల, తెల్లపిల్ల

ఫొటో నిండా నల్లపిల్లే ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేయాలని చూస్తుంది. ఎక్స్‌పోజర్ (ఫొటో మొత్తం వెలుగు) 0.7 తగ్గించండి. అదే నల్లపిల్ల విశాలమైన ఇసుక మధ్య చిన్నగా ఉంటే ఇసుక తెలుపుకు బెదిరి కెమెరా అంతా ముదురు చేస్తుంది, అప్పుడు 0.7 పెంచాలి. ఫొటో నిండా తెల్లపిల్లే ఉంటే 0.7 పెంచాలి, అయితే వీపు మీద బొచ్చు పోగులు కనిపించకుండా తెల్లగా కాలిపోయిందా అని చూసుకోవాలి. కాటుకకు నేను ఎండలో ఎప్పుడూ తీయను. మబ్బు రోజున, చెట్టు నీడ అంచున, మొహం ఆకాశం వైపు ఉండేట్టు తీస్తాను. అప్పుడే దాని బొచ్చులో నీలం నిగనిగ బయటికొస్తుంది.

వీధి కుక్కపిల్లలైతే

చలికాలం వచ్చిందంటే ప్రతి వీధిలో ఒక ఈత కనబడుతుంది. తీయండి, కానీ దూరం నుంచి. ముందు తల్లి ఎక్కడుందో చూడండి. అది లేచి నిలబడినా, చెవులు వెనక్కి వాల్చినా, గుర్రుమన్నా అక్కడితో ఆపేసి నెమ్మదిగా వెనక్కి రండి. తల్లికీ పిల్లలకీ మధ్యకు వెళ్లొద్దు. పిల్లలను ఎత్తొద్దు, ఫొటోకని చోటు మార్చొద్దు. ఆవుపాలు పోయొద్దు, విరేచనాలవుతాయి. తల్లికి ఇంత అన్నం, గిన్నెడు నీళ్లు పెడితే అవి పిల్లలకే చేరతాయి.

చిన్నదే కదా అనుకోకండి, పిల్ల గీరినా కొరికినా రేబిస్ రావచ్చు. వెంటనే ధారగా పోసే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు కేజీహెచ్‌కో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి.

వచ్చిన ఫొటో ఎందుకు పాడైందో కనిపెట్టడం

అక్కడే, ప్రతి పది ఫొటోలకొకసారి, ఒకదాన్ని పూర్తిగా పెద్దది చేసి కంటిరెప్ప వెంట్రుకలు చూడండి. చిన్న తెర మీద అన్నీ బాగున్నట్టే ఉంటాయి.

- ఇసుకా గడ్డీ స్పష్టంగా ఉండి పిల్ల ఒక్కటే చెదిరిందా? షట్టర్ చాలలేదు. 1/500 ఉంటే 1/1000 చేయండి. ఫోన్ అయితే ఇంకా వెలుగున్న చోటికి జరగండి.
- అంతా ఒకే దిక్కుకు సాగినట్టుందా? మీ చేయి కదిలింది. మోచేతులు నేలకు ఆనించండి.
- ముక్కో వీపో బాగుండి కన్ను మసకగా ఉందా? ఫోకస్ తప్పింది. కన్ను తాకి మళ్లీ తీయండి, లేదా అపర్చర్ 4 చేయండి.
- ఎక్కడా ఏదీ స్పష్టంగా లేదు, పాలు కలిపినట్టుందా? ఆవిరి, వేలిముద్ర లేదా ఉప్పు పొర. లెన్స్ తుడవండి.
- చెవులు వెనక్కి, తోక కిందికి, నాలుకతో ముక్కు నాకుతూ, మాటిమాటికీ ఆవలిస్తూ ఉందా? ఇది కెమెరా తప్పు కాదు. పిల్ల బెదిరింది లేదా అలసింది. ఆ రోజుకి ఆపేయండి.

నూటయాభై తీస్తే ఐదు మిగిలితే బాగా తీసినట్టే. నాకూ అంతే. రెండొందలు దాచుకుంటే మళ్లీ ఎప్పుడూ చూడరు, ఆ ఐదూ ఉంచి మిగతావి ఆ రాత్రే తీసేయండి.

ఇంటికొచ్చాక

ముందు పిల్ల. నీళ్లు పెట్టండి, మంచినీళ్లతో కాళ్లూ పొట్టా కడగండి, వేళ్ల మధ్య ఇసుక తీసి తుడవండి. ఉప్పు ఆరితే దురద పెట్టి నాకుతూనే ఉంటుంది. తర్వాత కెమెరా. ముందు గాలి ఊదే రబ్బరు బుడ్డితో ఇసుక రేణువులు పోగొట్టి, ఆ తర్వాతే గుడ్డ పెట్టాలి, లేకపోతే ఇసుకే గీతలు గీస్తుంది. నీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బాడీ తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ ఒకసారి తుడవండి. బీచ్‌లో ఉండగా లెన్స్ మార్చొద్దు, అది కూడా ఇంటికొచ్చాకే. బ్యాగును డాబా మీద తిరగేసి దులపండి, సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి మూసేయండి. ఈలోపు పిల్ల ఎలాగూ నిద్రపోయి ఉంటుంది. కిటికీ పక్కన పడుకుంటే, ఫోన్ చేతిలోనే ఉంటే, చప్పుడు చేయకుండా ఇంకొకటి తీసుకోండి.